తాడు పట్టిన చేయి

కేటాలో నేల సన్నం.
ఇటు తిరిగి ఉమ్మితే సముద్రం,
అటు తిరిగి ఉమ్మితే ఉప్పు కయ్య.
మధ్యలో నా ఫోన్ల రిపేరు కొట్టు,
బల్ల కింద చెప్పుల పెట్టెంత యంత్రం,
దాని వెచ్చదనం మరిగిన బల్లి.

అక్పెనే వచ్చింది.
చేపలు పొగబెట్టే చేతులు, గోళ్ళ నిండా మసి.
"నా డబ్బు పడిందంటగా" అంది
కూర్చోకుండానే.

ఎనిమిదేళ్ళ కిందట
నీలం చొక్కాల వాళ్ళు వచ్చి
బడి గదిలో ఆమెను మూడు పూటలు మాట్లాడించారు.
అంకెలు, వారాలు, చేపల పేర్లు,
కోపమొస్తే ఏమంటావో అది కూడా.
వేలిముద్ర వేయించుకుని
రెండు సబ్బులు చేతిలో పెట్టి వెళ్ళారు.
సబ్బులు ఆ నెలలోనే అరిగిపోయాయి.

తర్వాతెప్పుడో బ్యాంకుకి ఫోను చేస్తే
అవతల తన గొంతే ఎత్తింది:
"మీ ఖాతాలో సరిపడా సొమ్ము లేదు."
చక్కని ఎవే భాషలో,
తను ఊపిరి తీసుకునే చోటే ఊపిరి తీసుకుంటూ.
ఆమె దాన్ని తిట్టింది.
అది ఓపిగ్గా, ఆమె గొంతుతోనే,
"అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి" అంది.
రేవంతా నవ్వింది.
ఆమె నవ్వలేదు.

అందుకే ఈ పెట్టెలు.
నా కొట్టులో ఒకటి, మంత్రసాని గదిలో ఒకటి,
అన్లోగా ఉల్లి రైతుల షెడ్డులో రెండు,
ఎండకి నడిచేవి, వానకి అలిగేవి,
మొత్తం నలభై ఒకటి.
మాట ఏ పెట్టెలో పడితే అక్కడే ఉంటుంది,
అది నేర్పిన తెలివి మాత్రం గడప దాటుతుంది.
ఎవరు వాడుకున్నా చిట్టాలో గీత పడుతుంది.
చెరపాలంటే
నలభై ఒక్క తలుపులు కొట్టాలి.

ఇదంతా చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది.
"అలివి వలే కదా. తెలుసులే."

తెలియకేం.
తెల్లారకముందే అరవైమంది తాడు లాగితే
పడవకో పాలు, వలకో పాలు,
ఊరికే తాడు తాకి కేకలేసిన పిల్లాడికీ గుప్పెడు.
లాగినవాణ్ణి ఉత్తచేతులతో పంపితే
మర్నాడు ఆ తాడు ఇసకలోనే పడుంటుంది.

"మూడు సెడీల నలభై" అన్నాను.
నాకే సిగ్గేసింది.
ఆమె అడిగింది: "ఏ మాటకి?"

చిట్టా తీశాను.
గొంతెండేలా చదివిన అంకెలకి ఏమీ లేదు.
మేకను తిట్టిన తిట్టుకి ఇరవై పెసెవాలు,
ఎవరికి పనికొచ్చిందో మరి.
మిగతాదంతా ఒక్క మాటకే:
గాలి పడిపోయి, నీరు నూనెలా నిలిచి,
పడవ దించొద్దని ముసలివాళ్ళు గుడ్లురిమే
ఆ ఘడియకున్న పేరు.
పోయిన నెల నాలుగు రేవులవాళ్ళు యంత్రాన్ని అడిగారు.
యంత్రం ఆమె మాటే చెప్పింది.
మూడు రేవులు ఆగాయి.
వినకుండా వెళ్ళిన నాలుగోది
నిండు వలతో తిరిగొచ్చింది.
ఆగినవాళ్ళు ఇంకా నన్ను తిడుతున్నారు.

అప్పుడు కూర్చుంది అక్పెనే.
"ఆ మాట నాది కాదు.
మా మేనత్త కోకుయిది.
పెళ్ళయిన ఏడాదే మొగుణ్ణి నీళ్ళు తీసుకుంటే
ఆమె నోట్లోంచి పడింది. అంతకుముందు లేదు.
ఆమె పాలు ఏది?"

చిట్టాలో పోయినవాళ్ళకి వరస లేదని చెప్పాను.

"మునిగినవాడి భార్యకి ఆ వేటకాలమంతా
తాడు వాటా ఇస్తాం,
ఆమె చెయ్యి తాడు మీద లేకపోయినా.
నీ పెట్టెకి ఈ సంగతి ఎవరూ చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు.
చెప్పాల్సింది నేనే.

ఆ రాత్రి కొత్త వరస రాశాను: కోకుయి.
ఫోను నంబరు లేనిదే కుదరదంది యంత్రం.
ఆ నిబంధన పెట్టిందీ నేనే.
తీసేశాను.
ఇప్పుడు మిగతా పెట్టెలు ఒప్పుకోవాలి.
పద్దెనిమిది ఒప్పుకున్నాయి.
అన్లోగావి రెండూ వానకి అలిగి మూగబోయాయి.
కుట్టుమిషను సెల్లాసీ
"మా తాత మాటలూ ఉన్నాయి మరి" అంటున్నాడు.

అక్పెనే రెండ్రోజులకోసారి వస్తుంది,
మూడు సెడీల నలభై ఇంకా తీసుకోలేదు.
బల్ల కిందికి వంగి
బల్లినే అడుగుతుంది:
"ఎక్కిందా మా అత్త?"